కోటిలింగాల నాణేలు: అసలు తగవు ఎక్కడ?

పోటీ పరీక్షల తర్క విభాగంలో ఒక తరహా ప్రశ్న కనిపిస్తుంది. ఇద్దరి వాదాలను ఇచ్చి, వారు ఏ అంశంపై విభేదిస్తున్నారో గుర్తించమంటారు. ఏ వాక్యానికి ఒకరు అవునని, మరొకరు కాదని అనక తప్పదో అదే విభేదస్థానం. ఒకరు చెప్పి, మరొకరు ప్రస్తావించని మాట తగవు కాదు. నైయాయికులు దీనిని విప్రతిపత్తి అన్నారు. సంశయానికి గల కారణాలలో ఒకటిగా న్యాయసూత్రాలు లెక్కించాయి.

మా సారంగాపూర్ ఉన్న జగిత్యాల జిల్లాలోనే, గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉన్నది. అక్కడ గోబద, నారన, సమగోప వంటి శాతవాహన పూర్వపు రాజుల నాణేలతో పాటు సిముకుని పేరు గలవీ దొరికాయి. శాతవాహనుల తొలి నివాసం ఇదేనని ఒక పక్షం. వారి తొలి శాసనాలు నాణేఘాట్, నాసిక్‌లలో ఉన్నవి కనుక పశ్చిమ దక్కనేనని మరొక పక్షం.

ఇప్పుడు పరీక్షించి చూద్దాం. కోటిలింగాలలో నాణేలు దొరికాయా? ఇరువురూ అవుననే అంటారు. నాణేఘాట్‌లో సిముకుని పేరు ఉన్నదా? దానికీ అవుననే. పురాణాలు ఈ వంశాన్ని ఆంధ్రులన్నాయా? అందులోనూ పేచీ లేదు. ఏళ్ళ తరబడి సభల్లో మనం గొంతు చించుకున్నది ఎక్కువగా ఈ ఒప్పుకున్న విషయాల మీదనే!

అసలు విప్రతిపత్తులు రెండే. నాణెం మీది సిముకుడు వంశస్థాపకుడేనా? నాణెం దొరికిన చోటే ముద్రింపబడినదా? మొదటిదానికి పి.ఎల్. గుప్త, ఐ.కె. శర్మ కాదన్నారు, ఆ సిముకుడు తరువాతి రాజు అని వారి మతం. తొలుత అవునన్న పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు పిమ్మట అభిప్రాయం మార్చుకొని, ఇద్దరూ వేరన్నారు. రెండవది మరింత చిక్కు. నాణెం చేతులు మారే వస్తువు, దొరికినవీ కొద్దిపాటివే. మొదటిదానికి అవునన్నా, రెండవది తేలనిదే తొలి నివాసం తేలదు.

ఈ ప్రాంతం తొలి శాతవాహన రాజ్యంలో భాగమనీ, బహుశా వారి అధికారానికి ప్రధాన కేంద్రమనీ అజయ్ మిత్ర శాస్త్రి గారు భావించారు. ఆయన "బహుశా" అన్నారు. మనమే ఆ మాటను రాల్చివేసి చెప్పుకుంటున్నాము.

కోటిలింగాల ఎల్లంపల్లి ప్రాజెక్టు ముంపు గ్రామాల్లో ఒకటి. నేల చెప్పవలసిన సాక్ష్యం నీటి పాలవుతున్నప్పుడు, ఏ ప్రశ్నకు సాక్ష్యం కావాలో ముందుగా తెలిసి ఉండాలి. సొంత ఊరిపై ప్రేమ ఉన్నవాడికి ఆ బాధ్యత మరింత ఎక్కువ.