ప్రోస్టటైటిస్: యాంటీబయాటిక్ వాడినా నొప్పి మళ్లీ వస్తోందా..? అలర్జీకీ దీనికీ లింకేంటి..?

మూత్రానికి వెళ్తే మంట.. పొత్తికడుపులో, వృషణాల వెనుక లాగేస్తున్నట్టు నొప్పి.. రాత్రిపూట మూడు నాలుగుసార్లు లేవాల్సి రావడం. ఈ ఇబ్బందిని ఇంట్లో చెప్పుకోవడానికి కూడా మగవాళ్లు మొహమాటపడతారు. తెనాలి అయినా, బాపట్ల అయినా, రేపల్లె అయినా చాలామందికి ముందు గుర్తొచ్చేది మెడికల్ షాపే. ఐదు రోజుల యాంటీబయాటిక్ కోర్సు వాడితే కాస్త తగ్గినట్టు ఉంటుంది. నెల తిరక్కుండానే మళ్లీ మొదలు. మళ్లీ ఇంకో కోర్సు.. మరి ఆ నొప్పికి కారణం అసలు బ్యాక్టీరియానే కాకపోతే..?

అసలు ప్రోస్టటైటిస్ అంటే..

మూత్రాశయం కింద అక్రోటు కాయంత పరిమాణంలో ఉండే గ్రంథే ప్రోస్టేట్. అందులో వాపు వస్తే ప్రోస్టటైటిస్ అంటారు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 1995లో దీన్ని 4 రకాలుగా విభజించింది. మొదటిది చలిజ్వరంతో ఒక్కసారిగా వచ్చే ఇన్ఫెక్షన్. రెండోది దీర్ఘకాలిక బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్. మూడోది పరీక్షల్లో బ్యాక్టీరియా దొరక్కపోయినా నెలల తరబడి వేధించే కటి భాగం నొప్పి. నాలుగోదానిలో లక్షణాలే ఉండవు, వేరే పరీక్షల్లో బయటపడుతుంది.

ఇక్కడే అసలు విషయం ఉంది. దీర్ఘకాలిక కేసుల్లో దాదాపు 90 శాతం మూడో రకానివే. బ్యాక్టీరియా లేనప్పుడు బ్యాక్టీరియాను చంపే మందుతో పనేముంది..?

మరి మందు వేసుకుంటే ఎందుకు తగ్గుతోంది..?

ఈ నొప్పి స్వభావమే పెరుగుతూ, తగ్గుతూ ఉండటం. బాగా పెరిగినప్పుడు మందు మొదలుపెడతాం కాబట్టి, దానంతట అది తగ్గినా ఆ క్రెడిట్ మాత్రకే వెళ్తుంది. పైగా సిప్రోఫ్లాక్ససిన్, లెవోఫ్లాక్ససిన్ లాంటి మందులకు వాపును కొంత తగ్గించే గుణం కూడా ఉంది. 196 మంది రోగులపై జరిగిన ఒక పరీక్ష ఫలితాలు 2004లో వెలువడ్డాయి. 6 వారాలు సిప్రోఫ్లాక్ససిన్ వాడినవాళ్లకు, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లకు ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అలర్జీతో సంబంధం ఏంటి..?

దుమ్ము పడకపోతే తుమ్ములు, దద్దుర్లు రావడానికి కారణం మన ఒంట్లోని మాస్ట్ కణాలు. ఇవి హిస్టమిన్, ట్రిప్టేజ్ లాంటి పదార్థాలను వదులుతాయి. ఈ కణాలు ప్రోస్టేట్‌లోనూ ఉంటాయి. దీర్ఘకాలిక నొప్పి ఉన్న పురుషుల ప్రోస్టేట్ ద్రవంలో ట్రిప్టేజ్ ఎక్కువగా ఉన్నట్టు పరిశోధకులు గుర్తించారు. ఇది నొప్పి నరాలను రెచ్చగొడుతుంది. 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో ఎలుకలకు మాస్ట్ కణాలను అదుపు చేసే మందును, అలర్జీ మందును కలిపి ఇస్తే నొప్పి తగ్గింది.

అలాగని అలర్జీ ఉన్నవాళ్లందరికీ ప్రోస్టటైటిస్ వస్తుందని కాదు. ఎలుకల్లో పనిచేసింది మనుషుల్లోనూ పనిచేస్తుందని ఇంకా రుజువు కాలేదు. కాబట్టి సొంతంగా అలర్జీ మాత్రలు మొదలుపెట్టకూడదు.

జలుబు మాత్రతో జాగ్రత్త..

డెల్టాలో వరి కోతలు, నూర్పిళ్ల సమయంలో దుమ్ముకి తుమ్ములు, ముక్కు కారడం మామూలే. అప్పుడు వేసుకునే చాలా జలుబు మాత్రల్లో క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ ఉంటాయి. మొదటిది మూత్రాశయం గట్టిగా ముడుచుకోకుండా చేస్తుంది. రెండోది మూత్రాశయం మెడ దగ్గర కండరాన్ని బిగిస్తుంది. ప్రోస్టేట్ సమస్య ఉన్నవాళ్లకు మూత్రం సరిగా రాకపోవడానికి, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోవడానికి ఇదే కారణం కావచ్చు. అలర్జీకి డాక్టర్ దగ్గరికి వెళ్లినా సరే.. మూత్ర సమస్య ఉందని తప్పకుండా చెప్పాలి.

యాంటీబయాటిక్స్‌తో వచ్చే చిక్కులు..

యాంటీబయాటిక్ శత్రువేమీ కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ పరిశోధన బృందమే 1948లో ఆరియోమైసిన్‌ను వెలుగులోకి తెచ్చింది. ఆ టెట్రాసైక్లిన్ కుటుంబ మందులు లక్షల ప్రాణాలు కాపాడాయి. చిక్కంతా అవసరం లేకుండా వాడటంతోనే.

* లెవోఫ్లాక్ససిన్ లాంటి మందులతో మడమ వెనుక స్నాయువు తెగే ప్రమాదం ఉందని అమెరికా ఎఫ్‌డీఏ 2008లో తీవ్ర హెచ్చరిక జారీ చేసింది. షుగర్ మాత్రలు వాడేవాళ్లలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చని 2018లో మరోసారి హెచ్చరించింది.
* టీబీ క్రిముల మీదా ఈ మందులు పనిచేస్తాయి. మూత్ర వ్యవస్థకు టీబీ సోకినప్పుడు అరకొర కోర్సులతో లక్షణాలు తాత్కాలికంగా తగ్గి, అసలు జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది.
* యాంటీబయాటిక్ మందే కొందరికి పడదు. సల్ఫా మందులతో ఒళ్లంతా దద్దుర్లు, నోట్లో పుండ్లు వస్తే వెంటనే ఆపి ఆస్పత్రికి వెళ్లాలి. పడని మందు పేరు చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోవడం మంచిది.
* పేగుల్లోని మేలు చేసే బ్యాక్టీరియా దెబ్బతింటుంది. ఈ నొప్పి ఉన్నవాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా రకాలు తక్కువగా ఉన్నట్టు 2016లో ఒక చిన్న అధ్యయనం తేల్చింది. అయితే ఏది కారణం, ఏది ఫలితం అన్నది అందులో తేలలేదు.

లెవోఫ్లాక్ససిన్ మన దేశంలో 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 జాబితాలో ఉంది. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మిన వివరాలను షాపు రిజిస్టర్‌లో రాయాలి.

ఏం చేయాలి..?

యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే యూరిన్ కల్చర్ చేయించుకోవాలి. మందు వేసుకున్నాక చేస్తే క్రిమి ఉన్నా దొరక్కపోవచ్చు. అవసరమైతే డాక్టర్ ప్రోస్టేట్‌ను నొక్కి, అంతకుముందు, ఆ తర్వాత వచ్చిన మూత్రాన్ని విడివిడిగా పరీక్షిస్తారు. బ్యాక్టీరియా ఉందని తేలితే సాధారణంగా 4 నుంచి 6 వారాలు మందు వాడాలి. మధ్యలో మానకూడదు. లేదని తేలితే మూత్రం సాఫీగా వచ్చే మందులు, వాపు తగ్గించే మందులు, కటి కండరాలను వదులు చేసే ఫిజియోథెరపీ, ఒత్తిడి తగ్గించుకోవడం.. ఇలా లక్షణాలను బట్టి చికిత్స ఉంటుంది. గంటల తరబడి కదలకుండా కూర్చోకూడదు. కారం, కాఫీ, మద్యం వల్ల మంట పెరుగుతోందేమో గమనించుకోవాలి.

మామూలు మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష మీ ఊరి ప్రభుత్వ ఆస్పత్రిలోనే చేయించుకోవచ్చు. యూరాలజిస్ట్ కావాలంటే ఈ మూడు పట్టణాల వాళ్లకు గుంటూరు జీజీహెచ్, మంగళగిరి ఎయిమ్స్ దగ్గర. వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలన్నీ, ఖాళీ స్ట్రిప్పులతో సహా తీసుకెళ్లండి. ఏ మందు ఎన్నిసార్లు వాడారో తెలిస్తే డాక్టర్‌కు సగం పని తేలికవుతుంది.

చలిజ్వరంతో మూత్రం మంట, మూత్రం పూర్తిగా ఆగిపోవడం, మూత్రంలో రక్తం.. వీటిలో ఏది కనిపించినా రేపటికి వాయిదా వేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. అలాంటప్పుడు యాంటీబయాటిక్ వెంటనే అవసరం కావచ్చు. అది ఏ మందో నిర్ణయించాల్సింది మాత్రం డాక్టరే.

(ఈ సమాచారం అవగాహన కోసమే. చికిత్స విషయంలో వైద్యుల సలహానే పాటించాలి.)