తూనీగ రెక్క - విమాన కొలమానం: ఒక చారిత్రక పరిశీలన

తూనీగ కొన్నిసార్లు రెక్కలాడించకుండానే గాలిలో జారుతూ పోవడాన్ని మీరు గమనించే ఉంటారు. ఆ రెక్క అడ్డుకోతను భూతద్దంలో చూస్తే విమానం రెక్కకుండే నునుపైన వంపు కనిపించదు. అది ఈనెల వెంబడి మిట్టపల్లాలతో, మడతలు పెట్టిన కాగితంలా ఉంటుంది. మడతలు రెక్కకు దృఢత్వాన్నిస్తాయి. మరి గాలి ప్రవాహానికి అవి అడ్డంకా, సహాయమా? ఈ ప్రశ్నకు జవాబు దొరికిన క్రమాన్ని ఇప్పుడు తెలుసుకొందాం.

1934లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఆంత్వాన్ మాన్యాఁ, విమానాలకు వాడే వాయు నిరోధ సూత్రాలను కీటకాలకు వర్తింపజేసి, అవి ఎగరడం అసాధ్యమన్న ఫలితానికి వచ్చాడు. కీటకాలు మాత్రం ఎగురుతూనే ఉన్నాయి! అంటే లోపం కీటకంలో లేదు, కొలమానంలో ఉంది. విమానం రెక్క ఆడదు, కీటకం రెక్క ఆడుతుంది. ఇది ఒక తేడా. రెండోది పరిమాణం. జారుతూ ఎగరడంలో మనకు ముఖ్యమైనది ఈ రెండోదే.

దీనికి ఆధారం అప్పటికే ఉంది. 1883లో మాంచెస్టర్‌లో ఆస్బోర్న్ రెనాల్డ్స్ గాజు గొట్టంలో నీటితోపాటు రంగుధారను పంపి, ప్రవాహ స్వభావాన్ని పరిశీలించాడు. వేగం, పొడవు, సాంద్రతల లబ్ధాన్ని స్నిగ్ధతతో భాగిస్తే వచ్చేదే రెనాల్డ్స్ సంఖ్య. తూనీగ రెక్క వెడల్పు 0.01 మీటరు, వేగం సెకనుకు 3 మీటర్లు అనుకోండి. గాలి స్నిగ్ధతను సాంద్రతతో భాగిస్తే వచ్చే విలువ సుమారు 0.000015. కాబట్టి ఈ సంఖ్య 2,000. పెద్ద విమానానికి ఇది కోటి దాటుతుంది. సంఖ్య తగ్గేకొద్దీ గాలి స్నిగ్ధత ప్రభావం పెరుగుతుంది.

1975లో సి.జె.సి. రీస్ కీటకపు రెక్క అడ్డుకోతను నునుపైన అడ్డుకోతతో పోల్చాడు. మడతల పల్లాలలో గాలి చిక్కుకొని ఉండగా, పైనున్న ప్రవాహం నునుపైన ఉపరితలం మీదుగా పోయినట్లే పోతుందని తేల్చాడు. 2000లో జర్మనీకి చెందిన ఆంటోనియా కెసెల్ తూనీగ రెక్క నమూనాలపై బలాలను కొలిచింది. వాటిపై నిరోధం సమతల పలకపై ఉన్నంతే ఉంది. ఉత్థాపక బలం మాత్రం చాలా ఎక్కువ. పల్లాలను సుళ్లు నింపడమే ఇందుకు ఒక కారణం.

కాబట్టి ఒక ఆకారం మంచిదా, కాదా అని అడిగే ముందు, ఏ పరిమాణంలో, ఏ వేగంలో అని అడగాలి. అరచేతిలో ఇమిడే ఎగిరే యంత్రాలను రూపొందించేవారికి ఈ పాఠం నేటికీ అవసరం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పై ఉదాహరణలో తూనీగ వేగం సగమైతే రెనాల్డ్స్ సంఖ్య ఎంత? అప్పుడు స్నిగ్ధత ప్రభావం పెరుగుతుందా, తగ్గుతుందా?