కల్పితయంత్రములును వాని కావలియు



నేడు మన గ్రామములలో కంప్యూటరు పేరు విననివారుండరు. భూమి లెక్కలు, బ్యాంకు ఖాతాలు, పింఛను జాబితాలు మున్నగునవి కాగితపు కట్టలనుండి ఆ యంత్రములలోనికి చేరినవి. అయితే ఒక్కొక్క కచ్చేరికి ఒక్కొక్క యంత్రము ప్రత్యేకముగా నుండునని తలంపరాదు. ఒక పెద్ద యంత్రమును పెక్కు భాగములుగా పంచి, ఒకరి నొకరెఱుగని పలువురకు అద్దె కిచ్చుట నేటి వాడుక. ఒకే కప్పు క్రింద మీ పద్దును, మీ పొరుగువారి పద్దును, ముక్కు మొగము తెలియనివాని పద్దును ఉండవచ్చును. వారిలో నొకడు వేఱొకని పద్దు చదువకుండ, దిద్దకుండ అడ్డుపడున దేది? ఆ యడ్డు వలన పని యెంత మందగించును? ఈ రెండు ప్రశ్నల చరిత్రయే నేటి ప్రసంగ విషయము.

కంప్యూటరు తాను చేయుచున్న పనికి వలసిన అంకెలను, అక్షరములను ఉంచుకొను తావునకు మెమొరీ యని పేరు. అది గళ్లుగళ్లుగా నుండును. ప్రతి గడికి ఒక సంఖ్య కలదు. మన పొలములకు సర్వే నెంబరు లెట్టివో, ఆ గళ్లకు ఈ సంఖ్య లట్టివి. సంఖ్య చెప్పిన చాలును. యంత్రము ఆ గడిలో నున్నదానిని చదువును, లేదా క్రొత్తది వ్రాయును. తొలినాటి యంత్రములలో ఒక్కసారి కొక్కని పనియే జరుగుచుండెను. కావున ఎవ్వడే సంఖ్య చెప్పినను తగవు లేకుండెను. ఇద్దఱి పనులు ఒకేసారి ప్రవేశించిన నాటినుండి గట్టు తగాదాలు మొదలైనవి.

1962 డిసెంబరులో ఇంగ్లండునందలి మాంచెస్టరు విశ్వవిద్యాలయమున అట్లాసు అను కంప్యూటరు ప్రారంభమయ్యెను. టామ్ కిల్బర్న్ అను పండితుడు దాని నిర్మాణమునకు నాయకుడు. అందు వేగముగల మెమొరీలో 16,384 గళ్లును, మందముగా తిరుగు డ్రమ్ములో 98,304 గళ్లును ఉండెను. పని వ్రాయువానికి ఈ భేదము కనబడకుండ, మొత్తము ఒకే మాగాణివలె చూపిరి. మెమొరీని 512 గళ్ల చొప్పున పుటలుగా విభజించి, ఏ పుట నిజముగా నెక్కడ నున్నదో యంత్రమే చూచుకొనునట్లు చేసిరి. పూర్వము రీసర్వే జరిగిన పిమ్మట, పాత నెంబరు చెప్పిన రైతునకు కరణముగారు రిజిస్టరు తిరుగవేసి క్రొత్త నెంబరు చూపెడివారు కదా! ఇదియు నట్టిదే. ఈ రిజిస్టరు పద్ధతియే తరువాతి కథ కంతకును మూలము.

1964 ఏప్రిలులో అమెరికా దేశపు ఐ.బి.యం. సంస్థ సిస్టం 360 అను యంత్రముల వరుసను ప్రకటించెను. అందు మెమొరీలోని 2,048 బైట్ల ముక్కకు ఒక్కొక్క తాళమును, పనికి ఒక్కొక్క తాళపుచెవియు ఉండు ఏర్పాటు కలదు. చెవి సరిపడనిచో వ్రాత సాగదు. ఇది గట్టునకు కావలియే. కాని గట్టు కావల ఇతరుల పొలమున్నదని ప్రతివాడును ఎఱుగుచునే యుండెను. ఆ సంవత్సరము చివరనే, మసాచుసెట్సు రాష్ట్రపు కేంబ్రిడ్జి నగరములోని ఐ.బి.యం. పరిశోధనశాలలో రాబర్టు క్రీసీ, లెస్ కోమో మొదలగువారు మఱియొక అడుగు ముందుకు వేసిరి. మోడలు 40 అను యంత్రమునకు నెంబరులు మార్చు సామగ్రి నమర్చి, సి.పి.-40 అను పర్యవేక్షకుని నిర్మించిరి. పర్యవేక్షకుడన మనుష్యుడు కాడు, మఱియొక కార్యక్రమమే. 1967 జనవరి నాటికి అది వాడుకలోనికి వచ్చెను. ఒకే యంత్రమునందు 14 మందికి, ఒక్కొక్కనికి 256 కిలోబైట్ల మెమొరీగల సంపూర్ణ యంత్రము తనకే యున్నట్లు అది చూపెను. లేని యంత్రము ఉన్నట్లు తోచును గావున దీనిని కల్పితయంత్రమని పిలువవచ్చును. వర్చువల్ మెషీన్ అని నేడు వాడుచున్న పేరు దీనిదే. ఇందలి విశేషమేమనగా, ఇతరుల పొలమునకు నెంబరే లేదు! అడుగుట కుపాయమే లేనప్పుడు ఆక్రమించుట యెట్లు?

అయితే చిక్కు వేఱొక త్రోవను వచ్చెను. కంప్యూటరునకు డిస్కు, టేపు, అచ్చుయంత్రము మొదలగు పరికరములు కలవు. సరకును మెమొరీనుండి ఎత్తుట, మెమొరీలో దింపుట వాని పని. ప్రతి గింజను యజమాని స్వయముగా మోసినచో పనికి అంతుండదు. కావున పరికరమునకు ఒక చీటి వ్రాసి యిత్తురు. ఆ చీటిలోని నెంబరు చూచి అది బండివానివలె తిన్నగా పొలములోనికి పోవును. సి.పి.-40 కాలపు బండివానికి కరణపు రిజిస్టరు తెలియదు; వా డెఱిగినది అసలు నెంబరు మాత్రమే. కల్పితయంత్రములోని వాడు తన నెంబరు వేసి చీటి యిచ్చినచో, బండి ఎవరి పొలములోనో దిగును.

దీనికి పర్యవేక్షకుడు చేసిన యుపాయ మిది. ప్రతి చీటిని తానే పట్టుకొని, పంక్తి పంక్తిగా నకలు వ్రాసి, ప్రతి నెంబరును మార్చి, ఆ నకలునే బండివాని కిచ్చెను. బండి తిరిగి వచ్చువఱకు ఆ పుటలను కదలకుండ బిగించి యుంచెను. ఏలన బండి దారిలో నుండగా పొలము నెంబరు మారినచో సరకు పరులపాలగును. రక్షణ కుదిరెను గాని, ప్రతి చీటికి నకలు వ్రాయుట వలన కాలము ఖర్చయ్యెను. 1972 ఆగస్టులో ప్రకటింపబడిన వి.యం./370 అను తరువాతి పర్యవేక్షకునిలో ఈ భారము తప్పించుటకు ఒక వెసులుబాటు కల్పించిరి. ఒక్క కల్పితయంత్రమునకు మాత్రము పాత నెంబరును అసలు నెంబరును ఒకటే యగునట్లు చోటిచ్చి, దాని చీటీలను నకలు లేకుండ పోనిచ్చిరి. పని వేగిరపడెను, కాని తనిఖీ లేదు కనుక, ఆ యొక్కని యందు నమ్మకముంచక తప్పదయ్యెను. వేగము కొఱకు కావలిని సడలించుట, సడలించినచోట నమ్మకముతో పూరించుట యను బేరము అప్పటినుండియే కలదని గ్రహింపవలయును.

1974లో జెరాల్డు పోపెక్, రాబర్టు గోల్డ్‌బర్గ్ అను విద్వాంసులు ఈ విద్యకు శాస్త్రము వ్రాసిరి. కల్పితయంత్రము అసలుదానివలెనే ప్రవర్తింపవలెను. వనరుల మీది యధికారము పర్యవేక్షకునిదే కావలెను. పనిలో అధికభాగము అడ్డులేక సాగవలెను. ఇవి వారు చెప్పిన మూడు నియమములు. రెండవది రక్షణ, మూడవది వేగము. ఈ రెంటికిని మధ్య గల పెనుగులాటయే తక్కిన చరిత్ర.

తరువాత చిన్న కంప్యూటరులు వచ్చినవి. ఒక్కొక్కరికి ఒక్కొక్క యంత్రము దొరకుటచే పంచుకొను విద్య కొంతకాలము మఱుగునపడెను. 1998లో అమెరికాలో వి.యం.వేర్ అను సంస్థ నెలకొని, మఱుసటి సంవత్సరమే చిన్న యంత్రములకును కల్పితయంత్రములను తెచ్చెను. ఆ యంత్రములలోని ఇంటెల్ జాతి ప్రాసెసరు ఇందుకు పుట్టినది కాదు. పోపెక్, గోల్డ్‌బర్గ్‌ల నియమములకు లొంగని ఆజ్ఞలు అందు 17 కలవని 2000లో ఇద్దఱు పరిశోధకులు లెక్కించి చూపిరి. 2005 నుండి ఇంటెల్, ఎ.యం.డి. సంస్థలు ప్రాసెసరులనే సవరించి యా లోటు పూరించినవి.

పరికరముల మాట యింకను మిగిలెను. ఈ దశలో పర్యవేక్షకుడు పగటివేషగానివలె తానే డిస్కు వేషమును, తానే నెట్‌వర్కు కార్డు వేషమును కట్టి కల్పితయంత్రమును నమ్మించెను. ఒక్కొక్క చిన్న మాటకు పనియాగి, పర్యవేక్షకుడు రంగమెక్కి, మరల దిగవలసివచ్చుటచే పరికరములు మిక్కిలి మందగించెను. ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున 2003లో వెలువడిన జెన్ అను పర్యవేక్షకుడును, 2008లో రస్టీ రసెల్ ప్రతిపాదించిన వర్ట్‌ఐఓ పద్ధతియు ఈ వేషమును మానిపించినవి. ఇద్దఱికిని తెలిసిన ఉమ్మడి చోట చీటీలు పేర్చి, పెక్కింటికి కలిపి ఒక్కసారి పిలుచుట వాని మర్మము. పిలుపులు తగ్గెను, వేగము పెరిగెను.

వేషములో ప్రమాదమును గలదని 2015 మే నెలలో లోకమునకు తెలిసెను. క్యూఎంయూ అను ప్రసిద్ధ కార్యక్రమమునందు ఫ్లాపీ డిస్కు వేషము కలదు. ఫ్లాపీ వాడువారు అప్పటికే అరుదు. ఆ వేషములో 512 బైట్లు పట్టు పాత్ర యొకటి యుండెను. తగు రీతిని ఆజ్ఞలు పంపినచో పాత్ర నిండి, పొర్లి, ప్రక్కనున్న మెమొరీని చెఱచును. ఆ త్రోవను కల్పితయంత్రములోని వాడు పర్యవేక్షకుని గదిలోనికే చొరబడవచ్చును. ఈ దోషము 2004 నుండియు నందే యుండెను. అంతియే కాదు, ఫ్లాపీ వలదని తీసివేసినను, మఱియొక లోపము వలన ఆ భాగము పనిచేయుచునే యుండెను. దోషమును దిద్దిరి, దానికి వెనమ్ అని, అనగా విషమని, పేరు నిలిచెను. నీరు తోడుట మానిన బావికి వరలు తీసివేసి, పూడ్చక విడిచినచో గొడ్లు పడును గదా!

ఇట్లు వేషముతో పని లేకుండ, అసలు పరికరమునే కల్పితయంత్రమున కప్పగించినచో నేమి? 2006లో ఇంటెల్, ఎ.యం.డి. సంస్థలు ఇందుకు వలసిన సామగ్రి నిర్దేశములను ప్రకటించినవి. బండి త్రోవలో ఒక కావలి గుమ్మము కట్టుటయే ఆ యుపాయము. దానికి ఐఓఎంఎంయూ అని పేరు. చీటిలో నే నెంబరున్నను గుమ్మమువద్ద దానిని మార్చి, అనుమతి లేనిచోటికి బండిని పోనీయరు. కరణముగారు చావడిలో కూర్చుండి వ్రాసిన నకలు పని, నలువది యేండ్ల పిమ్మట త్రోవలోని గుమ్మమునకు అప్పగింపబడెనన్నమాట. 2007లో ఒక్క పరికరమే పెక్కు పరికరములవలె కనబడు ఏర్పాటును వచ్చెను.

కాని గుమ్మమునకును సుంకము కలదు. బండి పోవుటకు గుమ్మము తెఱువవలెను. పని ముగిసినంతనే మూసి, కావలివాని జ్ఞాపకములోని అనుమతిని చెఱపవలెను. ఈ చెఱుపుట యాలస్యమగుటచే, రద్దులను కూడబెట్టి ఒకేసారి చేయు పద్ధతి లినక్సులో వచ్చెను. ఆ మధ్యకాలము పది మిల్లీసెకన్ల లోపే కావచ్చును. ఆ లోపల పొలము చేతులు మారినను పాత బండి మరల దిగగలదు. వేగము కొఱకు కావలిని సడలించుటయే ఇదియు.

2016లో ఇజ్రాయిలు దేశపు టెక్నియన్ విద్యాసంస్థ పరిశోధకులు ఒక వింతను చూపిరి. బండిని పొలములోనికే రానీయక, దానికి శాశ్వతముగా నొక కళ్లమును చూపి, సరకును పొలమునుండి కళ్లమునకు చేరవేసిన నేమి? మాటిమాటికి గుమ్మము తెఱచి మూయుటకంటె, ఆ చేరవేతయే పెక్కు సందర్భములలో త్వరగా ముగిసెను, రక్షణయు సడలలేదు. దండుగయని విడిచిన నకలు పని, తగిన చోట ఉంచినప్పుడు లాభమే యయ్యెను.

2016లోనే ఎ.యం.డి. సంస్థ కల్పితయంత్రపు మెమొరీకి గుప్తలిపి తొడుగు పద్ధతిని ప్రకటించెను. ఇప్పుడు పర్యవేక్షకుడు సైతము దానిని చదువలేడు. అట్లే పరికరమును చదువలేదు! అందుచే సరకును గుప్తముకాని కళ్లమునకు తెచ్చి పెట్టవలసివచ్చెను. అద్దె కిచ్చిన వానినుండియే అద్దెకున్నవానిని కాపాడు ఈ క్రొత్త రక్షణకు, మరల ఆ పాత చేరవేతయే మూల్యము.

ఈ యర్ధశతాబ్దికి పైబడిన చరిత్రలో కావలి యెన్నడును తొలగిపోలేదు. చావడినుండి గుమ్మమునకు, గుమ్మమునుండి కళ్లమునకు తావు మాత్రము మారెను. తావు నెఱిగి మార్చినవారికి వేగమును దక్కెను, రక్షణయు దక్కెను. మార్చక సడలించినవారు నమ్మకమునే అప్పు తెచ్చుకొనిరి. కావున మన లెక్కలు చూచువారు ఇది మునుపటికంటె వేగమైన యంత్రమని చెప్పినప్పుడు సంతోషింపవలసినదే. దానితోపాటు కావలి యేది, ఎక్కడ నున్నది యని కూడ నడుగవలయును. గట్టు విలువ తెలిసిన పెద్దలకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు.