సరాయెవో గ్రంథ సంపద: దగ్ధమైనది, అచ్చులో మిగిలినది

ఐరోపా ఖండపు తూర్పు, ఆగ్నేయ ప్రాంతాలలో నివసించే రష్యన్లు, పోలండ్ వారు, చెక్‌లు, సెర్బులు, క్రొయేట్లు, బల్గేరియన్లు మొదలైన వారిని కలిపి స్లావ్ జాతులని వ్యవహరిస్తారు. ఈ జాతుల చరిత్రను, భాషలను, సంస్కృతిని పరిశోధించి గ్రంథాలుగా వెలువరించే విద్వత్ కృషి రెండు శతాబ్దాలుగా సాగుతున్నది. స్లావ్ జాతులంటే క్రైస్తవులేనన్న అభిప్రాయం సామాన్య పాఠకులలో బలంగా ఉన్నది. కానీ బోస్నియా ముస్లిములు కూడా స్లావ్ జాతివారే. వారి మాతృభాష స్లావ్ భాషల కుటుంబానికి చెందినదే.

1463లో ఉస్మానీ సుల్తాన్ ముహమ్మద్ ఫాతిహ్ బోస్నియాను జయించిన తరువాత అక్కడి ప్రజలలో అనేకులు క్రమక్రమంగా ఇస్లాం స్వీకరించారు. అప్పటి నుండి వారి విద్యా జీవితం నాలుగు భాషల మీద నడిచింది. ఇంటిలో మాతృభాష, మదరసాలో అరబీ, ప్రభుత్వ వ్యవహారాలలో తుర్కీ, కవితా గోష్ఠులలో ఫారసీ. నాలుగు శతాబ్దాల పైచిలుకు కాలంలో ఈ నాలుగు భాషలలో వారు వ్రాసిన, సేకరించిన గ్రంథాలు సరాయెవో నగరంలో పోగుపడ్డాయి. ఆ సంపదలో పెద్ద భాగం 1992లో కొన్ని గంటలలో బూడిద అయింది. అయినా అది పూర్తిగా నశించలేదు. ఎందుకు నశించలేదు, ఏ మేరకు నశించింది అన్న ప్రశ్నకు సమాధానం ఆ దేశపు విద్వద్ గ్రంథ ప్రచురణ చరిత్రలో ఉన్నది.

వక్ఫ్ పత్రంలోని షరతు

సుల్తాన్ బాయజీద్ ద్వితీయుని కుమార్తె కుమారుడైన గాజీ ఖుస్రౌ బేగ్ 1521లో బోస్నియా పాలకుడుగా నియమితుడయ్యాడు. సరాయెవోలో ఆయన మసీదు, మదరసా, ధర్మశాలలు నిర్మించి వాటికి ఆస్తులు వక్ఫ్ చేశాడు. హిజ్రీ 943 రజబ్ 26, అనగా 1537 జనవరి 8 నాటి మదరసా వక్ఫ్ పత్రంలో ఒక ముఖ్యమైన షరతు ఉన్నది. కట్టడపు ఖర్చులు పోగా మిగిలిన ధనంతో మంచి గ్రంథాలు కొనాలి. వాటిని చదివేవారు చదువుకోవాలి, విద్యాభ్యాసంలో ఉన్నవారు వాటి నుండి ప్రతులు వ్రాసుకోవాలి. ఇదీ ఆ షరతు సారాంశం. గ్రంథాన్ని భద్రపరచడంతోనే వాకిఫ్ తృప్తి పడలేదు. ఒక ప్రతి నుండి మరిన్ని ప్రతులు పుట్టాలని ఆయన కోరాడు. ఈ షరతు విలువ నాలుగున్నర శతాబ్దాల తరువాత పూర్తిగా తెలిసి వచ్చింది.

గాజీ ఖుస్రౌ బేగ్ గ్రంథాలయం ఈ వక్ఫ్ నుండే పుట్టింది. ఇమామ్ గజ్జాలీ (రహ్) రచించిన ‘ఇహ్యా ఉలూమిద్దీన్’కు హిజ్రీ 500లో వ్రాసిన ఒక ప్రతి అక్కడ ఉన్నది. ఇమామ్ గారు హిజ్రీ 505లో పరమపదించారు గనుక అది ఆయన జీవితకాలంలోనే వ్రాసిన ప్రతి అన్నమాట.

అరబీ లిపిలో స్లావ్ భాష

బోస్నియా ముస్లిములు తమ మాతృభాషను అరబీ లిపిలో వ్రాసుకున్నారు. ఆ లిపికి ‘అరెబిత్సా’ అని పేరు. ఈ లిపిలో ఇలాహీలు, ప్రేమ గీతాలు, ధర్మబోధలు, ఫిర్యాదు పత్రాలు సైతం వెలువడ్డాయి. వీటిలో ప్రసిద్ధమైనది ముహమ్మద్ హవాయీ ఉస్కూఫీ 1631లో పద్యరూపంలో కూర్చిన ‘మఖ్బూలె ఆరిఫ్’ అనే తుర్కీ–బోస్నియా నిఘంటువు. సెర్బియా భాషకు వూక్ కరాజిచ్ తన సుప్రసిద్ధ నిఘంటువును 1818లో అచ్చు వేయించాడు. ఉస్కూఫీ పని దానికి 187 సంవత్సరాల ముందుది. దక్షిణ స్లావ్ భాషల చరిత్ర వ్రాసేవారు ఒక ముస్లిం కవి వ్రాతప్రతిని విస్మరించలేరని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అయితే ఈ నిఘంటువు రెండు శతాబ్దాలకు పైగా చేతివ్రాతలోనే ఉండిపోయింది. ఒట్టో బ్లౌ అనే జర్మన్ పండితుడు బోస్నియాలోని తుర్కీ, స్లావ్ భాషా సామగ్రిని గురించిన తన గ్రంథంలో దీనిని చేర్చి 1868లో లైప్‌జిగ్ నగరంలో ప్రకటించాడు. స్వదేశీ పండితుడైన దర్వీష్ కోర్కుత్ పరిష్కరణ 1942లో సరాయెవోలో వెలువడింది. బోస్నియాలో ప్రభుత్వ ముద్రణాలయం ఏర్పడినదే 1866లో. అరెబిత్సా లిపిని అచ్చుకు అనువుగా సంస్కరించి, అందులో పత్రికలు నడిపించిన ఘనత జమాలుద్దీన్ చౌషెవిచ్‌ది. 1908 నుండి ‘తరీఖ్’, ఆ తరువాత ‘ముఅల్లిం’, ‘మిస్బాహ్’ పత్రికలు ఆ లిపిలో వెలువడ్డాయి. ఆయనే 1914 నుండి 1930 వరకు బోస్నియా ముస్లిముల రయీసుల్ ఉలమాగా ఉన్నారు.

రెండు గ్రంథాలు, రెండు నగరాలు

1878లో బోస్నియా ఆస్ట్రియా–హంగరీ ఆధీనంలోకి పోయింది. తుర్కీ, ఫారసీ చదువులు క్షీణించి, లాటిన్ లిపి వ్యాపించడంతో కొత్త తరానికి పూర్వుల గ్రంథాలు చదవరానివి అయ్యాయి. ఈ ప్రమాదాన్ని గుర్తించినవారిలో అగ్రగణ్యుడు సఫ్వత్ బేగ్ బషాగిచ్ (1870–1934). వియన్నా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందిన ఆయన, ఇస్లామీ సాహిత్యానికి బోస్నియా, హెర్జెగోవినా వాసులు చేసిన సేవను గురించి 1912లో సరాయెవోలో గ్రంథం ప్రచురించాడు. ఇస్తాంబుల్‌లోనూ ఇతర నగరాలలోనూ పేరుగాంచిన కవులు, ఖాజీలు, వ్యాఖ్యాతలు ఎందరో తమ దేశస్థులేనని బోస్నియా యువకులు ఆ గ్రంథం ద్వారా తెలుసుకున్నారు.

బషాగిచ్ జీవితాంతం సేకరించిన వ్రాతప్రతులను 1924లో స్లొవాకియాలోని బ్రాతిస్లావా విశ్వవిద్యాలయ గ్రంథాలయం కొనుగోలు చేసింది. స్వదేశపు సంపద పరాయి నగరానికి తరలిపోవడం బాధాకరమైన విషయమే. కానీ ఆ ప్రతులు ఈనాటికీ చెక్కుచెదరక ఉన్నాయి. యునెస్కో వాటిని 1997లో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది.

రెండవవాడు మెహ్మద్ హాంజిచ్. అల్ అజ్‌హర్‌లో చదివిన ఈ పండితుడు బోస్నియా ఉలమా, కవుల జీవిత చరిత్రలను ‘అల్ జౌహరుల్ అస్నా’ అనే పేరుతో అరబీలో వ్రాసి 1930లో కైరోలో అచ్చు వేయించాడు. బషాగిచ్ గ్రంథం స్వదేశీయులకు తమ పూర్వులను పరిచయం చేసింది. హాంజిచ్ గ్రంథం ఇస్లామీ ప్రపంచానికి బోస్నియాను పరిచయం చేసింది. తరువాత ఆయన గాజీ ఖుస్రౌ బేగ్ గ్రంథాలయ బాధ్యత వహించి, 1944లో చిన్న వయసులోనే మరణించాడు.

ప్రాచ్య విద్యా సంస్థ

1950లో సరాయెవోలో ప్రాచ్య విద్యా సంస్థ స్థాపితమైనది. అది కమ్యూనిస్టు యుగోస్లావియా కాలం. మత విద్య మీద ఆంక్షలున్న ఆ రోజులలో అరబీ, తుర్కీ, ఫారసీ పరిశోధన శాస్త్రీయ చరిత్ర రచన పేరిట కొనసాగింది. ప్రాచ్య భాషాశాస్త్రానికి, ఉస్మానీ పాలనలోని యుగోస్లావ్ జాతుల చరిత్రకు సంబంధించిన పరిశోధన పత్రికను సంస్థ ఆ సంవత్సరమే ప్రారంభించింది. దక్షిణ స్లావుల చరిత్రకు ఆధారాలైన తుర్కీ పత్రాలను మూలంతోనూ అనువాదంతోనూ ప్రకటించే గ్రంథమాల మొదటి సంపుటం 1957లో వెలువడింది. అందులో ఉస్మానీ కానూన్‌నామాలు ఉన్నాయి.

ఈ కృషిలో హాజిం షబానొవిచ్ పేరు ప్రత్యేకంగా చెప్పదగినది. 1455 నాటి భూమి శిస్తు దఫ్తరును ఆయన పరిష్కరించి 1964లో ప్రకటించాడు. ఏ గ్రామంలో ఎన్ని గడపలున్నాయి, ఎవరు ఎంత పన్ను కట్టారు అన్న వివరాలు అందులో ఉన్నాయి. స్లావ్ వ్యక్తుల పేర్లు, ఊళ్ల పేర్లు అంత పాతకాలపువి ఒక్కచోట దొరకడం భాషా శాస్త్రజ్ఞులకు పెన్నిధి. ప్రాచ్య భాషలలో బోస్నియా ముస్లిముల సాహిత్యాన్ని గురించి ఆయన వ్రాసిన బృహద్గ్రంథం ఆయన మరణానంతరం 1973లో వెలువడింది. బసీం కోర్కుత్ చేసిన దివ్య ఖుర్ఆన్ అనువాదాన్ని కూడా, అనువాదకుడు మరణించిన రెండేళ్లకు, 1977లో ఈ సంస్థయే ప్రచురించింది. 1981లో అబ్దుర్రహ్మాన్ నామెతక్ అరెబిత్సా రచనల సంకలనం వెలువరించాడు. చేతివ్రాతలలో చెల్లాచెదురుగా ఉన్న గీతాలు దానివల్ల సామాన్య పాఠకులకు అందాయి.

1992 మే, ఆగస్టు

1992 ఏప్రిల్‌లో సెర్బు జాతీయవాద సైన్యాలు సరాయెవో చుట్టూ ఉన్న కొండల మీద ఫిరంగులు నిలిపి నగరాన్ని ముట్టడించాయి. మే 17న ప్రాచ్య విద్యా సంస్థ మీద నిప్పు రగిల్చే గుండ్లు కురిశాయి. అరబీ, ఫారసీ, తుర్కీ, హీబ్రూ, అరెబిత్సా వ్రాతప్రతుల సంపుటాలు 5,263 అక్కడ ఉండేవి. ఉస్మానీ కాలపు ప్రభుత్వ పత్రాలు సుమారు 2,00,000, నూరుకు పైగా భూమి శిస్తు దఫ్తరులు, ఖాజీ న్యాయస్థానాల రికార్డులు ఉండేవి. దాదాపు అన్నీ దగ్ధమయ్యాయి. ఆగస్టు 25 రాత్రి జాతీయ, విశ్వవిద్యాలయ గ్రంథాలయం వంతు వచ్చింది. అక్కడి సుమారు 15 లక్షల సంపుటాలలో అధిక భాగం కాలిపోయింది.

ఈ దహనం ముస్లిముల చరిత్రను మాత్రమే తుడిచివేయలేదు. ఉస్మానీ దఫ్తరులలో ముస్లిం గృహస్థుల పక్కనే క్రైస్తవ గృహస్థుల పేర్లు ఉండేవి. చర్చీలు, మఠాల వివరాలు, యూదుల వ్యవహారాలు అవే పత్రాలలో ఉండేవి. వివిధ మతాలవారు ఒకే ఊరిలో శతాబ్దాల తరబడి కలిసి జీవించారనడానికి అవి సాక్ష్యాలు. నిప్పు పెట్టినవారు తమ సొంత తాతముత్తాతల జాడలను కూడా కాల్చివేశారు.

అచ్చు మిగిల్చినది

యుద్ధానంతరం పండితుల ముందు నిలిచిన లెక్క చాలా సరళమైనది. అచ్చయినది మిగిలింది, అచ్చు కానిది పోయింది. సంస్థ పత్రికలో నాలుగు దశాబ్దాలుగా ప్రకటించిన ఫర్మానాలు, వక్ఫ్ పత్రాలు, కవితలు ఇతర దేశాల గ్రంథాలయాలలో క్షేమంగా ఉన్నాయి. మూలం లేకపోయినా వాటి పాఠం నిలిచింది. సాలిహ్ త్రాకో, లైలా గాజిచ్ కలిసి తయారు చేసిన సంస్థ సాహిత్య వ్రాతప్రతుల వివరణ పట్టిక 1997లో అచ్చయింది. అందులో వర్ణించిన గ్రంథాలు దాదాపుగా ఏవీ ఇప్పుడు లేవు. ఏ ప్రతి ఏ సంవత్సరం ఎవరు వ్రాశారో, అందులో ఏమి ఉండేదో తెలిపే ఆ పట్టిక ఒక విధంగా ఆ గ్రంథాల సమాధి ఫలకం. మరొక విధంగా వాటి జీవిత చరిత్ర.

అమెరికాలో ఉన్న ఆండ్రాష్ రీడ్‌ల్మయర్, మరికొందరు పండితులు 1994లో ఒక పని తలపెట్టారు. యుద్ధానికి ముందు సరాయెవోకు వచ్చి పరిశోధన చేసిన విదేశీ విద్వాంసులు తమ అవసరానికి తీసుకుపోయిన ఫొటో ప్రతులను, మైక్రోఫిల్ములను తిరిగి సేకరించడమే ఆ పని. కాలిపోయిన గ్రంథాల పుటలు కొన్ని ఈ విధంగా స్వదేశానికి తిరిగి వచ్చాయి.

కానీ మొత్తం మీద చూస్తే అచ్చయినది స్వల్పం. నలభై రెండేళ్ల కాలంలో సంస్థ పండితులు శ్రద్ధగా పని చేశారనడంలో సందేహం లేదు. అయినా 2,00,000 పత్రాలు చదివి, పరిష్కరించి, ప్రకటించడం ఒక తరం చేయగల పని కాదు. తాము చదవనున్న పత్రాలు రేపు కూడా బీరువాలో ఉంటాయన్న నమ్మకం ప్రతి పండితునికీ ఉంటుంది. ఆ నమ్మకం ఎంత బలహీనమైనదో సరాయెవో నిరూపించింది.

గాజీ ఖుస్రౌ బేగ్ గ్రంథాలయం

అదే నగరంలో, అవే గుండ్ల కింద గాజీ ఖుస్రౌ బేగ్ గ్రంథాలయం బ్రతికింది. దాని అధిపతి ముస్తఫా జహిచ్, కొద్దిమంది ఉద్యోగులు పుస్తకాలను అరటిపండ్ల అట్టపెట్టెలలో పెట్టి, ప్రాణాలకు తెగించి, ఒక చోటి నుండి మరొక చోటికి పలుమార్లు తరలించారు. ముట్టడి సాగుతూ ఉండగానే మైక్రోఫిల్ములు తీయడం ప్రారంభించారు. ఈ గ్రంథాలయపు వ్రాతప్రతుల వివరణ పట్టిక మొదటి సంపుటాన్ని ఖాసిం దొబ్రాచా 1963లోనే వెలువరించారు. మిగిలిన సంపుటాలలో అనేకం యుద్ధానంతరం లండన్‌లోని అల్ ఫుర్ఖాన్ సంస్థ సహకారంతో వెలువడ్డాయి. 2014లో గ్రంథాలయం కొత్త భవనంలో తెరుచుకున్నది. 2017లో యునెస్కో దాని వ్రాతప్రతులను ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది.

బోస్నియా అనుభవం నుండి తేటపడే విషయం ఇది. గ్రంథాన్ని పూజ్యభావంతో పెట్టెలో దాచడం ఒక రకమైన సేవయే. కానీ ఆ పెట్టెకు ఒక్క నిప్పురవ్వ చాలు. గ్రంథాన్ని చదివి, వివరణ పట్టికలో చేర్చి, ప్రతులు తీసి, అచ్చు వేసి నాలుగు దిక్కులకూ పంపినప్పుడే అది శత్రువు చేతికి అందని ఎత్తుకు చేరుతుంది. 1537లో గాజీ ఖుస్రౌ బేగ్ వక్ఫ్ పత్రంలో ప్రతులు వ్రాసుకోవాలని షరతు పెట్టినప్పుడు యుద్ధాన్ని దృష్టిలో పెట్టుకున్నాడో లేదో గాని, విద్య ఎలా నిలుస్తుందో ఆయనకు తెలుసు. ఆ షరతును పాటించిన మేరకు సరాయెవో సంపద మిగిలింది. పాటించలేకపోయిన మేరకు పోయింది.