కాంటూరు లేని చోట పటం ఏం చెబుతుంది?

సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో బెజవాడ 65 డి షీటులో పడుతుంది. అంగుళానికి మైలు చొప్పున వేసిన పాత పటంలో కొండపల్లి కొండల మీద కాంటూరు (సమాన ఎత్తు) గీతలు కిక్కిరిసి ఉంటాయి. తూర్పుకు తిరిగితే కాగితం దాదాపు ఖాళీ. 50 అడుగులకో గీత గీసే పద్ధతిలో, చాలావరకు సముద్రమట్టానికి అంతెత్తు కూడా లేని కృష్ణా డెల్టాకు గీతలెక్కడివి? అందుకే ఈ పటాలు ఇక్కడ పనికిరావని కొందరి తీర్పు. నా ఉద్దేశంలో అది తొందరపాటు. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక ఏలూరు, బందరు కాలువలను విస్తరించిన ఇంజనీర్లు కాలువను మెరక వెంట, మురుగు కాల్వను పల్లం వెంట నడిపించారు. నీరు పారాలంటే మరో దారి లేదు. కాబట్టి డెల్టా పటంలో నీలి గీతలే ఎత్తుపల్లాలు చెబుతాయి. 1950ల్లో అమెరికా సైన్యం 1:250,000 స్కేలులో ముద్రించిన భారతదేశ పటాల్లోనూ (టెక్సాస్ విశ్వవిద్యాలయం వాటిని అందరికీ అందుబాటులో పెట్టింది) డెల్టాను చదవాల్సింది ఇలాగే.

దీనికి రెండు అభ్యంతరాలున్నాయి. మొదటిది స్కేలు: అంగుళానికి మైలు పటంలో ఒక మిల్లీమీటరు నేల మీద 63 మీటర్లు, దాన్ని పట్టుకుని ఎవరి గట్టు ఎక్కడో తేల్చలేం. నిజమే, హద్దులకు రెవెన్యూ శాఖ పొలం కొలతల పుస్తకం ఉండనే ఉంది. రెండోది బలమైనది: నేల మారిపోయింది కదా? బుడమేరునే చూడండి. కొల్లేరు సరస్సుకు పోయే ఆ ఏటి వరదను వెలగలేరు దగ్గర కృష్ణలోకి మళ్లించారు. పాత ప్రవాహ మార్గం గతించిన కథే అనిపించింది. కానీ 2024 సెప్టెంబరు మొదట్లో ఆ మళ్లింపు కాలువకు గండ్లు పడితే నీరు పాత దారినే పట్టి బెజవాడలోని సింగ్‌నగర్ వైపే వచ్చింది. కాలువను మళ్లించగలిగాం గానీ వాలును మార్చలేదు. మారిన నేల మీద పాత పటానికి విలువ పెరుగుతుందే తప్ప తగ్గదు.

కొల్లేటిలోనైతే గీతే చట్టమైంది. 1999లో అభయారణ్యం హద్దును +5 అడుగుల కాంటూరుగా నిర్ణయించారు. 308 చదరపు కిలోమీటర్లు. 2006లో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. +3కు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. అక్కడ రెండడుగుల తేడా అంటే వేల ఎకరాలు, వేల కుటుంబాల జీవనం. వాళ్ల వాదనను కొట్టిపారేయలేం. కానీ వర్షాకాలపు నీరు తీర్మానం చదివి ఆగదు. కొల్లేటికి ఇంత పట్టుగా చూసిన ఎత్తును బెజవాడ చుట్టూ లేఅవుట్లకు ఎందుకు చూడరు? అనుమతి కాగితానికి 65 డి షీటు నకలు జతచేయడాన్ని పురపాలక శాఖ తప్పనిసరి చేయాలి.