20 ఏళ్లు నిండినా పంచాయతీలో ఓటు లేదు: 2021లో ఏం జరిగింది?

ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. మన బత్తలపల్లిలో 2001 జనవరి 2న పుట్టిన అబ్బాయి ఒకడు ఉన్నాడనుకోండి. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు వచ్చేసరికి వాడికి 20 నిండాయి. ఓటు ఉందా? లేదు. ఎందుకంటే ఆ ఎన్నికలు 2019 ఓటర్ల జాబితాతో జరిగాయి. అందులో పేరుండాలంటే 2019 జనవరి 1కే 18 నిండి ఉండాలి. రాష్ట్రమంతా కలిపి ఇలా ఓటు కోల్పోయిన యువత 3.6 లక్షల మంది అని అప్పటి రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమారే చెప్పారు.

ఇది ఎలా జరిగిందో అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మన రాష్ట్రంలో 1970లో పంచాయతీ ఎన్నికలు జరిగాక, మళ్లీ జరిగింది 1981లో. మధ్యలో 11 ఏళ్లు! దేశమంతా ఇలాంటి కథలే ఉండటంతో 73వ రాజ్యాంగ సవరణ తెచ్చారు. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పంచాయతీకి ఐదేళ్లే గడువు, అది ముగిసేలోపే కొత్త ఎన్నిక పూర్తవ్వాలి అని 243ఈ చెప్తుంది. ఓటర్ల జాబితా, ఎన్నికల నిర్వహణ రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో ఉండాలి అని 243కె చెప్తుంది.

రూల్ క్లియర్‌గానే ఉంది. మరి జరిగిందేంటి? 2006లో గెలిచినవాళ్ల గడువు 2011లో అయిపోయింది. రిజర్వేషన్ల గొడవ కోర్టుకెక్కి, ఎన్నికలు 2013 జులైకి గానీ జరగలేదు. అప్పటిదాకా స్పెషల్ ఆఫీసర్లే. 2013లో గెలిచినవాళ్ల గడువు 2018 ఆగస్టులో ముగిసింది. మూడు నెలల్లో ఎన్నికలు పెట్టమని అదే అక్టోబరులో హైకోర్టు చెప్పింది. పెట్టలేదు. 2020 మార్చిలో స్థానిక ఎన్నికలు మొదలైతే, 15వ తేదీన కరోనా వల్ల వాయిదా పడ్డాయి. తర్వాత ప్రభుత్వం ఆర్డినెన్స్‌తో కమిషనర్‌ని పక్కకు తప్పించింది. మే 29న హైకోర్టు దాన్ని కొట్టేసింది. చివరికి 2021 జనవరి 25న సుప్రీంకోర్టు అడ్డు తొలగించాక, ఫిబ్రవరిలో నాలుగు విడతల్లో పోలింగ్ అయింది.

జాబితా సంగతి ఇక్కడే చిక్కుకుంది. అధికారం కమిషన్‌ది, దాన్ని తయారుచేసే సిబ్బంది మాత్రం ప్రభుత్వానిది. పంచాయతీరాజ్ శాఖ 2021 జాబితా ఇవ్వలేదని కమిషన్ అంది. కొత్త జాబితా కోసం ఆగితే ఎన్నికలు ఇంకా వెనక్కి పోతాయి, ఆగకపోతే కుర్రాళ్ల ఓటు పోతుంది. రెండో దారిలోనే వెళ్లారు.

ఖాళీ సీట్లదీ ఇదే వరస. ఎమ్మెల్యే సీటు ఖాళీ అయితే మామూలుగా ఆరు నెలల్లో ఉపఎన్నిక పెట్టాలని చట్టం ఉంది. ఒంటిమిట్ట జడ్పీటీసీగా ఉన్న ఆకేపాటి అమర్‌నాథ్ రెడ్డి 2024 జూన్‌లో రాజంపేట ఎమ్మెల్యే అయ్యారు. ఆ జడ్పీటీసీ సీటుకు ఉపఎన్నిక ఎప్పుడు జరిగిందో తెలుసా? 2025 ఆగస్టు 12న. అంటే 14 నెలలు.

ఇది అసాధ్యమైన పనేం కాదు. కేరళని చూడండి. 1995 నుంచి ప్రతి ఐదేళ్లకీ స్థానిక ఎన్నికలు జరుగుతున్నాయి. కరోనా ఉన్నా 2020 డిసెంబరులో జరిపారు. అక్కడ స్థానిక ఎన్నికలకు కమిషన్ సొంతంగా ఓటర్ల జాబితా తయారుచేస్తుంది. పేరు ఆన్‌లైన్‌లోనే చేర్చుకోవచ్చు.

మన దగ్గర అసెంబ్లీ ఓటు నమోదు ఇప్పుడు సులువైంది. 2022 ఆగస్టు నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ లెక్కలోకి వస్తాయి. 17 దాటితే ఫోన్లోనే ముందుగా అప్లై చేయొచ్చు. పంచాయతీ జాబితా కూడా ఈ అసెంబ్లీ జాబితా నుంచే తీస్తారు. కానీ పాత కాపీ పట్టుకుని ఎన్నికలు పెడితే మనం చేసిన అప్లికేషన్ ఎందుకు పనికొస్తుంది?

అందుకే మూడు మార్పులు కావాలి. నోటిఫికేషన్ రోజుకి ఉన్న తాజా జాబితానే వాడాలి. ఖాళీ అయిన ప్రతి సీటూ, వార్డు మెంబరుదైనా సరే, ఆరు నెలల్లో నింపాలి. జాబితా పనికి కమిషన్‌కి సొంత సిబ్బంది ఉండాలి.

అప్పటిదాకా మన పని మనం చేద్దాం. ధర్మవరం అసెంబ్లీ జాబితాలో మీ పేరుందో లేదో ఈరోజే చూసుకోండి. పంచాయతీ ఆఫీసులో డ్రాఫ్ట్ లిస్టు అంటించినప్పుడు వెళ్లి మీ వార్డు నంబరు సరిచూసుకోండి. పేరు లేకపోతే గడువులోపే అభ్యంతరం రాసివ్వండి. పోలింగ్ రోజు బెంగళూరు నుంచి బస్సెక్కి వచ్చి గొడవపడితే ఎవరూ ఏం చేయలేరు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.