ఇమ్యూనిటీ కోసం ఓట్సే తినాలా? మన జొన్న రొట్టె, తైద అంబలి చాలవా?

వానాకాలం వచ్చిందంటే చాలు, వరంగల్‌లో ఏ ఇంట్లో చూసినా జలుబు, జ్వరాలే. ఇమ్యూనిటీ పెరుగుతుందని చాలామంది ఓట్స్ ప్యాకెట్లు కొంటుంటారు. ఓట్స్ మంచివే. కానీ హనుమకొండ రోడ్ల పక్కన పెనం మీద కాలే జొన్న రొట్టెలో, ఇంట్లో కాచే తైద అంబలిలో కూడా ఒంటికి కావాల్సిన పోషకాలు చాలానే ఉన్నాయి.

గింజలో ఏముంది?

పీచు, జింక్, ఐరన్, బి విటమిన్లు ఎక్కువగా ఉండేది గింజ పైపొరలో, మొలకలో. పాలిష్ పడితే పోయేవి కూడా అవే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టిక ప్రకారం 100 గ్రాముల్లో పీచు ఇలా ఉంటుంది:

• పాలిష్ బియ్యం: 2.8 గ్రాములు
• జొన్నలు: 10.2 గ్రాములు
• తైదలు (రాగులు): 11.2 గ్రాములు
• సజ్జలు: 11.5 గ్రాములు

ఇమ్యూనిటీకి లింకేంటి?

పీచు మనకు అరగదు. పేగుల్లోని మంచి బ్యాక్టీరియాకు అదే తిండి. ఆ బ్యాక్టీరియా పీచును పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తుంది. అవి పేగు గోడను కాపాడతాయి. రోగనిరోధక కణాల్లో పెద్ద భాగం ఉండేది కూడా పేగుల్లోనే. ఇక జింక్ తగ్గితే తెల్లరక్త కణాల పని దెబ్బతింటుంది.

ఓట్స్ ప్రత్యేకత బీటా గ్లూకాన్ అనే పీచు. ఇది కొలెస్ట్రాల్ తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారాలున్నాయి. ఇమ్యూనిటీ విషయంలో మాత్రం అంత గట్టి ఆధారాలు లేవు.

ఇలా తింటే మేలు

• ధాన్యాల్లోని ఫైటేట్లు ఐరన్, జింక్ ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. నానబెట్టినా, మొలకెత్తించినా, పులియబెట్టినా ఇవి తగ్గుతాయి. అందుకే రాత్రంతా పులిసిన పిండితో కాచిన అంబలి మేలు.
• అన్నంలో, రొట్టెలో నిమ్మరసం పిండిన కూర కలుపుకుంటే ఐరన్ బాగా అందుతుంది.
• కొర్రలు, సామలు కొనేటప్పుడు పాలిష్ పట్టనివి అడగండి. మసాలా ఓట్స్ అయితే ప్యాకెట్ మీద ఉప్పు ఎంతుందో చూడండి.
• షుగర్ ఉన్నవాళ్లు జొన్న రొట్టెలు కూడా లెక్కగానే తినాలి. వాటిలో ఉన్నదీ పిండి పదార్థమే.

ఇది మర్చిపోవద్దు

ఏ గింజా జ్వరాన్ని ఆపదు. రోజూ తింటే ఒంటికి బలం, అంతే. జ్వరం రెండు రోజులు దాటితే అంబలితో సరిపెట్టుకోకుండా డాక్టర్‌కు చూపించి, చెబితే డెంగీ పరీక్ష చేయించుకోవాలి.

గమనిక: ఇది అవగాహన కోసం మాత్రమే. ఆరోగ్య సమస్యలుంటే డాక్టర్ సలహా తీసుకోండి.